గడ్డి పరుపు మీద ప్రొక్లెయిన్

మొన్నామధ్య మా ఆవిడకి ముద్దమందారం అంటు కావాల్సి వచ్చి ఇద్దరం కడియం వెళ్ళాం. మొక్క బేరం ఆవిడకి వదిలేసి నేను చెరుకురసం బండి వెతుక్కుంటూ రోడ్డు మీదకి వచ్చేసరికి ఎదురుగా ఒక పొడుగాటి ట్రైలర్ ఆగి ఉంది. దాని వెనకాల తలుపుల్లాంటి ఇనప పలకలు రెండూ వాటంతటవే కిందకి వాలాయి, మట్టి తవ్వే ప్రొక్లెయిన్ ఒకటి గుడి మెట్లెక్కే ఏనుగులా తాపీగా పైకెక్కింది, దాన్ని నడిపినతను దిగి నాలుగు మూలలా గొలుసులేసి, పైనుంచి నారింజరంగు బెల్టులు చుట్టి, పిడి పట్టుకుని కిర్రు కిర్రుమని బిగించి, ఒక్కో ముడినీ సెల్‌ఫోన్లో ఫోటో తీసి ఎవరికో పంపేశాడు. ఇంత పనీ చేస్తూనే చెవిలో తీగ పెట్టుకుని ఎవరి పెళ్ళిలోనో భోజనాలు ఎలా ఉన్నాయో చెప్పుకుంటున్నాడు. నేను మాత్రం రసం గ్లాసు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. అరచేతులకి చెమటలు పట్టేశాయి. ఆ బండి కదిలి మలుపు తిరిగేదాకా నా కళ్ళు మిషను కిందే ఉన్నాయి, ఎక్కడైనా ఒక గడ్డిపోచ కనిపిస్తుందేమోనని. మా ఆవిడ వచ్చి నా మొహం చూసి షుగరు గానీ పడిపోయిందా అని కంగారుపడింది. చెరుకురసం తాగుతున్నవాడికి షుగరెలా పడుతుందని వేళాకోళం చేశాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ చెమట ఆరలేదు.

మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, మనకి ఇరవై ఏళ్ళప్పుడు ఇలాంటి బెల్టులూ లేవు, వాటంతటవే వాలే పలకలూ లేవు. ఉన్నవల్లా గొలుసులు, మోకులు, తాటిదుంగలు, గునపం, ఆపైన ఎవరి ఇలవేల్పు వాళ్ళకి. నా సంగతి ఎరిగినవాళ్ళు ఇది చదువుతూ అప్పుడే నవ్వుకుంటూ ఉంటారు. నా మాటల్లో సగం తీసేసి వినాలని మా బంధువుల్లో ఒక వాడుక ఉంది. వరద రోజుల్లో నేను ఒంటిచేత్తో పట్టిన పులస చేప నన్నే ధవళేశ్వరం దాకా ఈడ్చుకుపోయిందనీ, మా పెరట్లో దోమలు కరెంటు పోయినప్పుడు విసనకర్రలుగా పనికొచ్చేవనీ నేను చెప్పినవన్నీ వాళ్ళు అలాగే తరుగు తీసి విన్నారు. ఈ వాడుక మొదలుపెట్టినవాడు మా బావ. మా అక్క మొగుడు. నేను వంద అంటే ఆయన మనసులో యాభై వేసుకునేవాడు. యాభై అని నిజమే చెప్పినా పాతికే వేసుకునేవాడు. ఎదురుగా కోప్పడేవాడు కాదు, మీసం కింద నవ్వుకుని లెక్క సగం చేసుకునేవాడు, అంతే.

బావకి ఒక పాత లారీ, దాని వెనక తగిలించుకునే, నేలకి దగ్గరగా ఉండే పల్లపు ట్రైలర్ ఉండేవి. ఆ లారీ కేబిన్‌కి ఎడంపక్క తలుపు తాడుతో కట్టుకోవాలి, రెండు కిటికీలకీ అద్దాలు ఉండేవి కావు. కానీ బరువు కట్టడంలో బావంత మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోడ్డు రోలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రైసుమిల్లు బాయిలర్లు, ఒకసారి ఏకంగా ఒక పడవ, అన్నీ మోశాడు. బయల్దేరేటప్పుడు గొలుసు ఎంత బిగించామన్నది లెక్కలోది కాదనీ, నాలుగు మైళ్ళు కుదుపుకున్నాక ఎంత బిగువు మిగిలిందన్నదే లెక్కనీ అనేవాడు. అందుకని దారిలో మొదట కనిపించిన టీకొట్టు దగ్గర తప్పకుండా ఆపి, టీ చెప్పి, అది కాగేలోపు చుట్టూ తిరిగి ప్రతి గొలుసునీ గేదె మెడ నిమిరినట్టు నిమిరి, వదులైనచోట మళ్ళీ బిగించేవాడు. నేను అప్పుడు చదువు అటకెక్కించి ఆయన దగ్గర పనిలో చేరాను. పని అంటే ట్రైలర్ వెనకాల మోటారు సైకిలు మీద ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని రావడం. మా అక్క ఒక్కటే మాట అనేది, బండి మీద ఏముందో నాకక్కర్లేదు, బండిలో ఉన్న మనిషిని తీసుకురా అని. పెళ్ళయి రెండేళ్ళే అప్పటికి. బావ లోడుకెళ్ళిన రోజు ఆవిడ వీధి గుమ్మంలోంచి లోపలికి కదిలేది కాదు.

ఇక మా మేనమామ. ఊళ్ళో పరువుగల రైతు, ఇస్త్రీ మడత నలగని తెల్లపంచెల మనిషి. కాకినాడ వైపు కొంత పొలం కొని చేపలచెరువు తవ్విద్దామనుకుని, అద్దె మిషన్ల వెనక తిరగడం నామోషీ అని ఒక పాత ప్రొక్లెయినే కొనేశాడు. కొన్నాక దాన్ని విప్పించి, గీకించి, పసుపుపచ్చ రంగు వేయించాడు. రోజూ పొద్దున్నే దాని దగ్గరకెళ్ళి పంచె చెంగుతో ఎక్కడో మరక తుడిచి వచ్చేవాడు. అత్తయ్యకి ఆ మిషను మీద సవతి మీదున్నంత కోపం ఉండేది. దాన్ని కడియం నుంచి చెరువు దగ్గరికి చేర్చే పని సహజంగానే బావకి పడింది. మేనకోడలి మొగుడు కాబట్టి మావయ్య ఆయన్ని మీరు అనేవాడు, అల్లుడుగారూ అని పిలిచేవాడు. బావ కూడా మావయ్యగారూ అంటూ ఆయన ముందు కూర్చునేవాడు కాదు, సిగరెట్టు సంగతి సరేసరి. మన వైపు మర్యాద మీకు తెలియంది కాదు. ఇద్దరు మర్యాదస్థులు ఒక గుమ్మం దగ్గర కలిస్తే మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ వానలో తడుస్తారు. ఆ రోజు ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది.

మార్గశిర మాసం. కోతలు అయిపోయాయి, ఊరంతా కొత్త ధాన్యం వాసన, కాలువ నిండా నీళ్ళు. మంచు విడవకముందే బావ ట్రైలర్‌ని వెనక్కి నడిపి దాని తోకని కాలువ గట్టు వాలుకి ఆనించాడు. మాకు పలకలు లేవు గనక గట్టే మాకు మెట్టు. మధ్య సందులో తాటిదుంగలు పరిచాం. మిషను నడిపే అతను దాన్ని ఎక్కించడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు మావయ్య చెయ్యెత్తి ఆపి, రెండెడ్ల బండి మీద తెప్పించిన కొత్త వరిగడ్డి ట్రైలర్ మీద పరిపించడం మొదలుపెట్టాడు.

మీరు నవ్వకండి. మన డెల్టాలో గడ్డి పరవకుండా ఏ వస్తువు ప్రయాణం చేసింది చెప్పండి. అరటిగెల గడ్డి మీద, మామిడిపండు గడ్డి మీద, కుండ గడ్డి మీద, పెళ్ళివారి గాజు సామాను గడ్డి మీద, చివరికి కాన్పుకొచ్చిన ఆవు గడ్డి మీద. కొత్త రంగు వేసిన మిషను ఇనప పలక మీద రాసుకుంటూ పోవడం మావయ్య ప్రాణానికి ఒప్పలేదు. బావ ఒకసారి దగ్గి, గడ్డి అక్కర్లేదేమోనండి, ఇనుము మీద ఇనుమైతే కదలదండి అన్నాడు. ఉండనివ్వండి అల్లుడుగారూ, మెత్తగా ఉంటుంది అన్నాడు మావయ్య. బావ ఇంకోసారి నోరు తెరిచి, మావయ్య మొహంలో సంతోషం చూసి, సరేనండీ అనేశాడు. అల్లుడు మావగారి మాట రెండోసారి కాదనడం మా ఇళ్ళల్లో లేదు. గడ్డి మోకాలెత్తు పరుచుకుంది. మంచుకి తడిసి మెరుస్తోంది కూడా.

మిషను దుంగల మీద నుంచి ఎక్కి గడ్డిలో ఒదిగి కూర్చుంది. దాని వీపు, అంటే వెనకాల బరువుకోసం పెట్టే పెద్ద ఇనప దిమ్మ, కేబిన్ వైపు వచ్చింది. తవ్వే చెయ్యి మడుచుకుని తోక వైపు పడుకుంది. దిమ్మకీ కేబిన్‌కీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు వదిలాం. బావ మాత్రం తన పనిలో ఏ లోటూ చెయ్యలేదు. మూలకో గొలుసు వేసి, ఎదురుబొదురుగా లాగి, గునపం మెలిపెట్టి బిగించాడు. చక్రాల బదులు మిషనుకుండే చైను పట్టీల ముందూ వెనకా చింతమొద్దులు అడ్డం పెట్టించాడు. బిగించిన గొలుసు మీద గునపంతో కొడితే గుడిగంటలా మోగింది. నేను నిశ్చింతగా ఎర్రగుడ్డ కర్ర తీసుకున్నాను.

ఇక్కడ రెండో ముడి పడింది. చెరువులో మొదటి తట్ట మట్టి తీయడానికి పంతులుగారు ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయ కొట్టి కదిలాక గమ్యం చేరేదాకా బండి ఆపకూడదని మావయ్యకి ఒక పట్టింపు. పైగా తానే కేబిన్‌లో బావ పక్కన ఎక్కి కూర్చున్నాడు. మిషను నడిపే అతను ముందుగా బస్సులో పోయాడు. మొదటి టీకొట్టు వచ్చింది. ట్రైలర్ నెమ్మదించడం, కేబిన్ కిటికీలోంచి మావయ్య చెయ్యి పోదాం పోదాం అన్నట్టు ముందుకు ఊగడం వెనకనుంచి నేను చూశాను. బండి ఆగలేదు. ఆ రోజు టీ తాగలేదన్న విచారం తప్ప నా బుర్రలో ఇంకేమీ తట్టలేదు.

కాకినాడ వెళ్ళే కాలువ రోడ్డు అప్పట్లో ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పక్క నిండు కాలువ, రెండో పక్క పల్లంలో చేలు, మధ్యలో ఒక లారీకి సరిపడా తారు. ట్రైలర్ పోతుంటే కుక్క కూడా పక్కకి తప్పుకోలేదు, వెనక్కి పరిగెత్తాల్సిందే. ద్వారపూడి దాటాక ఎండ వచ్చింది. గోతుల్లో పడ్డప్పుడల్లా మిషను ఒకసారి దిగబడినట్టు కనిపించేది. నాలుగైదు గోతులయ్యాక వెనక ఎడంపక్క గొలుసు కొద్దిగా ఊగుతున్నట్టు అనిపించింది. కళ్ళు నులుముకున్నాను. ఇంకో గొయ్యి పడింది. ఈసారి గొలుసు ఉయ్యాల మోకులా కిందికి వేలాడింది. కుడిపక్కదీ అంతే. అప్పుడు తెలిసింది నాకు, మోకాలెత్తు గడ్డి ఆ బరువు కింద అప్పడంలా అణిగిపోయింది, మిషను జానెడు కిందకి దిగింది, పైనున్న గొలుసులు మాత్రం పొద్దున్న కట్టినంత పొడుగే ఉన్నాయి. చింతమొద్దులు గడ్డి మీద నిలబడ్డవే గనక అవీ జారి పక్కకి పడి ఉన్నాయి. ఒక మలుపులో ట్రైలర్ పక్క నుంచి కనిపించింది. దిమ్మకీ కేబిన్‌కీ మధ్య మనిషి నడిచేంత సందు లేదు. పిల్లి దూరేంత ఉంది.

అన్నిటికన్నా ముందు నాకు గుర్తొచ్చింది మా అక్క నిలబడే గుమ్మం.

హారను కొట్టాను. ఆ మోటారు సైకిలు హారను కీచురాయికన్నా చిన్నగా అరిచేది. బావ చెయ్యి కిటికీలోంచి వచ్చి, వస్తున్నావుగా, రా అన్నట్టు ఊపింది. ఇంకా గట్టిగా కొడదామని వేలు పెట్టి అక్కడే ఆగిపోయాను. నేను భయపడి అరిస్తే బావ ఏం చేస్తాడు? బ్రేకు తొక్కుతాడు. ఎవడైనా తొక్కుతాడు. లారీ ఆగుతుంది, కానీ తడిగడ్డి మీద వదులు గొలుసులతో కూర్చున్న అంత బరువు ఆగదు. నేరుగా ముందుకొచ్చి కేబిన్‌ని రేకుడబ్బాలా నొక్కేస్తుంది. లోపల బావా, మావయ్యా ఉన్నారు. అరవకపోతే? ఇంకొంచెం ముందుకెళితే లాకుల దగ్గర వంతెన. ఎక్కేటప్పుడు రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది, దిగేటప్పుడు నిట్రంగా పడిపోతుంది, ఆ కిందే సంత. అక్కడ బ్రేకు తొక్కక తప్పదు. చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే. బండిని ఆపించాలి, బ్రేకు మాత్రం తొక్కనివ్వకూడదు. అదీ వంతెన దిగుడు కంటే ముందే జరగాలి.

అంతకంటే ముందు బావకి ఎదురు పడాలి. పక్కనుంచి దూరడానికి దారి లేదు. ఇంతలో కాలువ మీద నడిచేవాళ్ళ కోసం వేసిన సన్నటి సిమెంటు వంతెన కనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా బండి దాని మీదకి తిప్పేశాను. రెండు చేతులూ చాపితే రెండు పక్కలా నీళ్ళు తగులుతాయన్నంత సన్నం అది, ఇందులో సగం మీరు తీసేసుకోవచ్చు. అవతలి గట్టు ఎక్కేసరికి దారి పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. చక్రాల కింద గింజలు ఇసకలా జరుగుతుంటే, తలకి కొంగు చుట్టుకున్న ఒక ముసలమ్మ చీపురు ఎత్తుకుని నా వెంట పడింది. నీ బండి తగలెయ్య, అన్నం మీద తోలుతావేంట్రా అని ఆవిడ తిట్టిన తిట్టు నాకు జన్మంతా సరిపోయేదే. దిగి ఆ గింజల్ని కళ్ళకద్దుకునే వ్యవధి లేదు. తలొంచుకుని తోలుకుపోయాను. కాలువ కవతల ట్రైలర్ నాతో సమానంగా వస్తోంది. దిమ్మ కేబిన్ వెనకాలే ఉంది. దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా. అటు చూస్తే గట్టు తప్పుతానని ఇటు చూశాను, ఇటు చూస్తే ఏమైపోయిందోనని మళ్ళీ అటు చూశాను.

కేబిన్‌ని దాటి ముందుకొచ్చాక చెయ్యి ఊపాను. బావ చూశాడు. నేను అవతలి గట్టు మీద ఎందుకున్నానో అర్థంకాక తల బయటికి పెట్టాడు. ఇప్పుడేం చెప్పాలి? గొలుసులు వదులయ్యాయంటే బ్రేకు. ఆపమంటే బ్రేకు. పోనీ నెమ్మదిగా ఆపమంటే, ఎందుకని అడుగుతాడు, చెబితే మళ్ళీ బ్రేకు. ఆయన బ్రేకు తొక్కకుండా బండిని దొర్లించుకుంటూ వచ్చేది జీవితంలో ఒక్కదానికే. బాతులు. కోతలయ్యాక మన చేలల్లోకి దిగే బాతుల మందలు రోడ్డుకి అడ్డం పడితే, బ్రేకు గాలి ఫుస్సుమన్న చప్పుడుకి అవి బెదిరి చెల్లాచెదురవుతాయి, బాతులవాళ్ళు కర్రలు పట్టుకుని డ్రైవర్ల మీదకి వస్తారు. బావకి ఒకసారి ఆ అనుభవం అయింది కూడా.

కాబట్టి బాతులు. కానీ ఎన్ని? నా మాట వినగానే ఆయన సగం తీసేస్తాడని చెప్పానుగా. ఒక మంద అంటే అర మంద అనుకుంటాడు, అర మందకి హారను చాలు. ఊరిమొత్తం బాతులంటే నేను కోతలు కోస్తున్నానని నవ్వి అసలు పట్టించుకోడు. నా బతుకులో ఎన్నో అబద్ధాలాడాను గానీ ఒక అబద్ధాన్ని కొలిచి, సగానికి సగం తరుగు వేసి, సరిగ్గా తూకానికి తెచ్చింది మాత్రం ఆ ఒక్కసారే. గొంతు చించుకున్నాను.

"బావా! వంతెన మొదట్లో రెండు మందల బాతులు ఎక్కుతున్నాయి. బ్రేకు తొక్కితే ఊరుకోనని బాతులోడు కర్ర పట్టుకుని నుంచున్నాడు. గేరు తగ్గించి దొర్లించుకుంటూ రమ్మన్నాడు."

బావ నవ్వడం కాలువ కవతలికి కూడా కనిపించింది. "రెండా?" అన్నాడు.

"రెండూ పెద్దవే."

ఆయన మీసం కింద లెక్క వేసుకున్నాడు. రెండులో సగం ఒకటి. ఒక మందైనా మందే. ఇంజను గొంతు మారింది. ఒక గేరు తగ్గింది. ఇంకోటి తగ్గింది. బండి నడక మనిషి నడకకి వచ్చింది. మావయ్య కిటికీలోంచి తొంగి చూసి ముహూర్తం, ముహూర్తం అంటున్నట్టు నాకు పెదవులు కనిపించాయి. బావ ఏదో చెప్పి ఆయన్ని ఊరడించాడు. వంతెన ఎక్కుడు మొదలైనచోట రోడ్డు కాస్త పైకి లేవగానే, ఆ ఎత్తే బండి వేగాన్నంతా తాగేసింది. బ్రేకు చప్పుడు లేదు. ట్రైలర్ అలసిపోయిన ఎద్దులా తనంతట తనే నిలబడిపోయింది.

నేను వంతెన తిరిగి వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బావ కిందికి దిగి రోడ్డు మీద అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఏవిరా నీ బాతులు?"

వెనక్కి చూడమన్నట్టు చెయ్యి చూపించాను. ఆయన వెనక్కి నడిచాడు. కేబిన్‌కీ దిమ్మకీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. అరచెయ్యి మాత్రమే పట్టింది. వేలాడుతున్న గొలుసు పట్టుకుని ఒకసారి ఊపాడు. తర్వాత రోడ్డు మీదే గొంతుకూర్చున్నాడు. మావయ్య కర్రపుల్లలా దిగి వచ్చి, ఆ సందు చూసి, అద్దాల్లేని కేబిన్ చూసి, మళ్ళీ సందు చూశాడు.

బావ లేచి, "మావయ్యగారూ, గడ్డి తీసేద్దామండి" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఆ మర్యాద గొంతులో నేను అంతకుముందెప్పుడూ వినని గట్టితనం ఉంది. మావయ్య పంచె ఎగదోపి, ట్రైలర్ అంచు పట్టుకుని పైకెక్కి, తన చేతుల్తోనే గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

అసలు భయం అప్పుడు మొదలైందంటే మీరు నమ్మాలి. మిషను కింద గడ్డి తియ్యాలంటే మిషను కదలాలి, కదలాలంటే గొలుసులు పూర్తిగా విప్పాలి, నడిపే అతనేమో బస్సులో పోయాడు. మోసే మిషన్లని కాస్త కదపడం తెలిసిన బావే మిషను ఎక్కాడు. బండి ఎత్తు మీద ఉంది గనక ఇప్పుడు మిషను కేబిన్ మీదకి రాదు, కానీ అదుపు తప్పితే తోక మీదుగా కాలువలోకి పోతుంది. మావయ్య తోక దగ్గర నిలబడి చేత్తో సైగలు చేస్తుంటే బావ బెత్తెడు బెత్తెడు చొప్పున వెనక్కి నడిపాడు, మేం ముందుభాగం గడ్డి లాగేశాం, మళ్ళీ ముందుకొచ్చాడు, వెనకభాగం లాగేశాం. ఒకసారి ఎడంపక్క పట్టీ గడ్డి మీద జర్రుమని పక్కకి పాకింది. బావ మీట మీద నుంచి చెయ్యి తీసేశాడు. అది ఆగింది.

ఈలోగా అటూ ఇటూ పోయేవాళ్ళు జనమయ్యారు. మన వైపు రోడ్డు మీద ఏదైనా ఆగితే సలహా ఇవ్వకుండా పోవడం మర్యాద కాదు. తాళ్ళతో కట్టాలన్నవాళ్ళు, దింపేసి నడిపించుకు పొమ్మన్నవాళ్ళు, మరిడమ్మ తల్లికి మొక్కుకోమన్నవాళ్ళు. పాలక్యాన్ల సైకిలాయన ఒకాయన ఆగి, గడ్డి చూసి, మావయ్య వైపు తిరిగి ఎంతో వినయంగా అడిగాడు:

"ఈనడానికొచ్చిందా ఏంటండీ మీ మిషను, గడ్డి పరిచారు?"

జనం గొల్లుమన్నారు. ఇంకో రోజైతే మావయ్య వాడి క్యాన్లు కాలువలో వేయించేవాడు. ఆ రోజు గడ్డిపోచలు జుట్టుకి అంటుకుని, చెమటకి పంచె ఒంటికి అతుక్కుని, ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అది చెమటే అనుకుంటాను.

గడ్డికి బదులు పాత టైరు ముక్కలు వేస్తే ఇనుము పట్టు విడవదని బావ అంటే, సంత దగ్గర పంక్చరు కొట్టుకి మావయ్యే నా బండేసుకుని వెళ్ళి, చేతులు చాలక టైర్లని మెడలో దండల్లా వేసుకుని తిరిగొచ్చాడు. మా ఊరివాళ్ళలో ఆయన్ని అలా చూసింది బావా, నేనే, ఎవరికి చెప్పినా ఇందులోనూ సగం తీసేశారు. టైరు ముక్కల మీద మిషనుని కూర్చోబెట్టాం. చింతమొద్దుల్ని మళ్ళీ పట్టీల కిందకి గట్టిగా దిగ్గొట్టాం. గొలుసులు అడ్డంగా, ఐమూలగా మళ్ళీ లాగి బిగించాం. ఈసారి గునపం మెలిపెట్టింది బావ ఒక్కడే కాదు, ఇద్దరూ. ఒక గొలుసుకి అటు మావయ్య, ఇటు బావ.

ముహూర్తం దాటిపోయిందండీ అల్లుడుగారూ అన్నాడు మావయ్య చేతులు దులుపుకుంటూ.

"ముహూర్తమే కదండీ పోయింది" అన్నాడు బావ.

వంతెన దిగి సంత దాటగానే టీకొట్టు దగ్గర బండి ఆగింది. ఆపమని చెప్పింది మావయ్యే. టీ కాగేలోపు బావ వెనకాలే నడుస్తూ ఒక్కో గొలుసునీ ఆయనా ముట్టుకుని చూశాడు. సామర్లకోటకి ముందొకసారి, తర్వాతొకసారి, కాకినాడ పొలిమేరల్లో ఇంకోసారి ఆగాం. టీలు తాగి తాగి నాకు కడుపులో చెరువు తవ్వినట్టయింది. చెరువులో మొదటి తట్ట మట్టి ఏ ముహూర్తమూ లేని వేళ పడింది. ఆ చెరువులో చేపలు బాగానే పెరిగాయి. ఒక్కోటి పడవంత అని నేను చెబుతాను గానీ మీరు మీకు తోచినంత తీసేసుకోండి.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. దారిలో బాతులడ్డం వచ్చి ఆలస్యమైందన్నాడు బావ. ఆయన అబద్ధమాడటం నేను చూసింది అదే మొదలు. అక్క ఆయన అరచేతులు తిప్పి చూసింది. గునపం మెలి తిప్పి తోలు లేచిపోయి ఉన్నాయి. నూనె గిన్నె తెచ్చి రాస్తూ కూర్చుంది. నా వైపు ఒకసారి మాత్రం చూసింది. ఆ చూపుకి నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత బావ నా మాటల్లో సగం తీసెయ్యడం మానేశాడు. నేనేం చెప్పినా తల ఊపి అలాగేరా అని వినేవాడు. కోతలు కోసేవాడికి అంతకన్నా ఇబ్బంది లేదు. ఆయన ముందు నేను చాలాకాలం నిజాలే చెప్పాల్సి వచ్చింది.

బావ పోయి కొన్నేళ్ళయింది. ముసలితనం వచ్చి, మంచం మీద, మా అక్క చెయ్యి పట్టుకుని పోయాడు. లారీ నడిపిన మనిషి అలా పోవడం ఎంత పెద్ద మాటో లారీలవాళ్ళ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఇప్పుడు కాలువ రోడ్డు నాలుగు బళ్ళు ఒకేసారి పట్టేలా పరుచుకుంది. రోడ్డుకీ కాలువకీ మధ్య కొట్లు లేచాయి, అవతలి గట్టు ఇవతలికి కనిపించదు. లారీ కేబిన్లకి చల్లటి మిషన్లు పెట్టారు, అద్దాలు పొద్దస్తమానం ఎత్తే ఉంటాయి. బెల్టులు గట్టివే, కాదనను, ఈ రోజుల్లో అలాంటి ఆపద రాకపోవచ్చు. కానీ వచ్చిందే అనుకోండి, పక్కనుంచి ఎవడైనా గొంతు చించుకుని అరిస్తే లోపలివాడికి ఒక నోరు కదలడం కనిపిస్తుందంతే. ఒక మనిషి అరుపు నీళ్ళ మీదుగా ఇంకో మనిషి చెవిలో పడేంత సన్నటి రోడ్లూ, అద్దాల్లేని కిటికీలూ మనకి ఉండేవి. మా అక్క ఆ తర్వాత అన్నేళ్ళు రోజూ రెండు కంచాలు పెట్టుకోగలిగిందంటే, అందుకే.